బాలింత గదిలో కుంపటి: పొగ పోయిన నిప్పులతో భయం లేదా?

చేమంతిపూలు
జనవరి 8, రాత్రి 8.50

అందరికీ నమస్కారం. మేముండేది బెంగళూరు విద్యారణ్యపురలో, మూడో అంతస్తు ఫ్లాటులో. నాకు బాబు పుట్టి ఈ రోజుకు పంతొమ్మిది రోజులు. మదనపల్లె దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చి నా దగ్గరే ఉంది. పథ్యం, బాబు స్నానం, నా స్నానం అన్నీ తనే చూసుకుంటోంది. అమ్మ లేకపోతే ఈ పంతొమ్మిది రోజులూ ఎలా గడిచేవో ఊహించలేను.

ఊరి నుంచి వచ్చేటప్పుడు తనతో మట్టి కుంపటి తెచ్చుకుంది. ఈ వారం చలి ముదిరాక రోజూ సాయంత్రం బాల్కనీలో కట్టె బొగ్గులు రాజేసి, విసనకర్రతో విసిరి విసిరి, పొగంతా పోయి నిప్పులు ఎర్రగా కణకణలాడాక మా గదిలోకి తెస్తుంది. సాంబ్రాణి చల్లి, పైన వెదురు బుట్ట బోర్లించి, బాబు తల ఆరబెడుతుంది. తరువాత కుంపటిని నా మంచం కాళ్ల దగ్గర పెట్టి, నిప్పులు తొందరగా చల్లారకుండా పైన బూడిద కప్పుతుంది. బాలింతకు గాలి సోకకూడదని తలుపులూ కిటికీలూ వేసేస్తాం. కిటికీ సందులో మా వారు పాత తువ్వాలు కూడా కుక్కారు.

నాలుగు రోజులుగా ప్రతి సాయంత్రం నాకు కణతలు నొక్కేసినట్టు తలనొప్పి. ఉదయానికి పోతుంది, మళ్లీ దీపాలు పెట్టే వేళకు మొదలవుతుంది. నిన్న వాంతి అయింది. అమ్మకూ కళ్లు తిరుగుతున్నాయట, ఆవిడ రక్తపోటు అంటోంది. వేలికి పెట్టుకునే ఆక్సిమీటరులో 98 చూపిస్తోంది. నాకు కుంపటి మీద అనుమానంగా ఉంది. అమ్మ మాత్రం, "పొగ ఉంటే కదా దోషం? పొగంతా బయటే వదిలేసి తెచ్చానుగా. మీ నాయనమ్మ ముగ్గురు కోడళ్లకూ ఇలాగే చేసింది" అంటోంది. తెలిసినవారు చెప్పండి. ఇప్పుడు కూడా కుంపటి గదిలోనే ఉంది.

రాత్రిడ్యూటీ
జనవరి 8, రాత్రి 8.58

చేమంతిపూలు గారూ, ఇది చదవగానే లేవండి. ముందు బాబును ఎత్తుకుని గదిలో నుంచి బయటికి రండి, అమ్మగారిని కూడా తీసుకురండి. ఫ్లాటులోని కిటికీలు, బాల్కనీ తలుపు అన్నీ బార్లా తెరిపించండి. కుంపటి మీరు మోయవద్దు, గది బాగా గాలి ఆడాక మీ వారిని తీసి బాల్కనీలో పెట్టమనండి. గదిలో దాని మీద నీళ్లు మాత్రం పోయకండి, ఆవిరీ బూడిదా ముఖాన చిమ్ముతాయి.

తరువాత ముగ్గురూ దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. అక్కడ మొట్టమొదట చెప్పవలసిన మాట, "మూసిన గదిలో బొగ్గులు పెట్టుకున్నాం" అని. ఆ మాట చెప్పకపోతే బాలింత నీరసమని, అజీర్తి అని పంపించేసే ప్రమాదం ఉంది. ఆక్సిమీటరులోని 98ని నమ్మకండి. ఎందుకో తరువాత రాస్తాను, ముందు బయలుదేరండి.

ఉలవచారు
జనవరి 8, రాత్రి 9.14

పసిబిడ్డ తల్లిని ఇంతగా బెదరగొట్టడం నాకు నచ్చలేదు. నాకు అరవై ఎనిమిదేళ్లు. జయనగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. నా ముగ్గురు పిల్లల పురుళ్లూ గుడివాడ దగ్గర మా పుట్టింట్లోనే జరిగాయి. మూడుసార్లూ నులక మంచం కింద కుంపటి పెట్టారు, పసుపు కొమ్ము కాల్చారు, వాము పొగ వేశారు. నెల రోజులు ఆ గదిలోనే ఉన్నాను. నాకేమీ కాలేదు, పిల్లలకూ ఏమీ కాలేదు. పురిటి ఒంటికి వెచ్చదనం కావాలి. ఆ తల్లి పాపం ఇంత దూరం వచ్చి కూతురికి చేస్తుంటే, చేసినదంతా తప్పు అనడం సబబు కాదు.

రాత్రిడ్యూటీ
జనవరి 8, రాత్రి 9.35

అమ్మా, ఆ తల్లి ప్రేమను తప్పు పట్టేంత దాన్ని కాను. నేను అత్యవసర విభాగంలో నర్సుగా పనిచేస్తాను. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ తలనొప్పితో వచ్చేవారిని చూశాను కాబట్టి చేయి ఆగలేదు.

పొగ ఉంటే కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, మనిషి తనంతట తనే లేచి వెళ్లిపోతాడు. పొగ పోయిన నిప్పుల నుంచి వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, మంట పుట్టించదు. ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. రక్తం తిరుగుతూనే ఉంటుంది కానీ మెదడుకూ గుండెకూ అందవలసిన ప్రాణవాయువు అందదు. ముందు తలనొప్పి, తరువాత వికారం, కళ్లు తిరగడం, మగత. ఆ మగతలో లేచి తలుపు తీయాలన్న తెలివి కూడా మందగిస్తుంది. పసిపిల్లలు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు కనుక వాళ్లకు ముందుగా ఎక్కుతుంది.

ఇక ఆ 98 సంగతి. వేలికి పెట్టే ఆక్సిమీటరు రక్తం ఎరుపును చూసి లెక్క కడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. రెండింటికీ తేడా ఆ చిన్న పరికరానికి తెలియదు. అందుకే ప్రాణం మీదికి వచ్చిన మనిషికి కూడా అది 98 చూపించగలదు. అసలు సంగతి రక్త పరీక్షలోనే తేలుతుంది. మామూలు గాలి పీలిస్తే ఒంట్లో చేరిన ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. ఆసుపత్రికి వెళ్లమన్నది అందుకే.

చేమంతిపూలు
జనవరి 9, ఉదయం 6.40

ఆసుపత్రి నుంచే రాస్తున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు చేరుకున్నాం. మీరు చెప్పినట్టే మొదట కుంపటి మాట చెప్పాను. డ్యూటీ డాక్టరు ఇంకేమీ అడగకుండా ముందు మాస్కు పెట్టించారు, తరువాత రక్తం తీశారు. బొగ్గు వాయువే అని తేలింది. నాకన్నా అమ్మకు ఎక్కువగా ఎక్కింది, నిప్పుల దగ్గర కూర్చునేది ఆవిడే కదా. బాబును రాత్రంతా పిల్లల విభాగంలో ఉంచారు.

తెల్లవారుజామున నాలుగింటికి బాబు ఆకలితో గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విని నాకు కన్నీళ్లు ఆగలేదు. నాలుగు రోజులుగా సాయంత్రం వేళ వాడు పాలకు కూడా లేవకుండా పడుకుంటుంటే, గది వెచ్చగా ఉంది, హాయిగా నిద్రపోతున్నాడని అమ్మా నేనూ మురిసిపోయాం. అది నిద్ర అనుకున్నాం.

రాత్రిడ్యూటీ గారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. అమ్మ నాతో మాట్లాడటం లేదు. కోపంతో కాదు. మంచం పక్కన కూర్చుని బాబు పాదాలు పట్టుకుని చూస్తూ ఉంది.

ఉలవచారు
జనవరి 9, ఉదయం 7.20

తల్లీ, నువ్వూ బిడ్డా క్షేమంగా ఉన్నారు, అంతే చాలు. నిన్న నేను రాసినదానికి రాత్రంతా నిద్ర పట్టలేదు. మంచం మీద పడుకుని మా పుట్టింటి పురిటి గదిని కళ్ల ముందు నిలుపుకుని చూశాను.

అది పెంకుటిల్లు. వెన్నెల రాత్రుల్లో పెంకుల సందుల్లో నుంచి నేల మీద వెలుగు చుక్కలు పడేవి. గోడ పైన, దూలం కింద జానెడు గవాక్షం ఉండేది, దానికి తలుపే లేదు. పాత టేకు తలుపు మూసినా కింద పిల్లి దూరేంత సందు. మేము తలుపులు వేశామని అనుకున్నాం కానీ ఆ ఇల్లు ఎప్పుడూ మూసుకోలేదు. ఇక్కడ మా కోడలు పడుకునే గదిలో జారుడు కిటికీకి రబ్బరు పట్టీ ఉంది, స్లాబు ఉంది, తలుపు మూస్తే వీధి చప్పుడు కూడా లోపలికి రాదు. చప్పుడే రాని గదిలోకి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? అదే కుంపటి, అదే బొగ్గు. ఇల్లే మారింది. మీ అమ్మకు ఈ మాట నా మాటగా చెప్పు. ఆవిడ తెలియక చేసిన పని కాదు, ఆవిడకు తెలిసిన ఇల్లు వేరు.

బొగ్గుబావి
జనవరి 9, ఉదయం 10.05

ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో భూగర్భ గని కార్మికుడు. మా చిన్నతనంలో క్వార్టర్లలో వంటంతా రాక్షసి బొగ్గు మీదే.

మా పొయ్యి ఒక ఇనుప బకెట్. లోపల మందంగా మట్టి మెత్తి, నడుమ ఇనుప చువ్వలు అడ్డంగా దూర్చి, కింద బూడిద లాగడానికి చిన్న వాకిలి కోసి ఉండేది. అమ్మ తెల్లవారకముందే దాన్ని వాకిట్లో పెట్టి, పిడక ముక్కలు, చితుకులు వేసి, పైన బొగ్గు పేర్చి ముట్టించేది. వరసలో ఇరవై ఇళ్లుంటే ఇరవై పొయ్యిలూ ఒకేసారి రాజుకునేవి. పసుపుపచ్చని చిక్కటి పొగ కప్పుల మీద పరుచుకుని కదిలేది కాదు. తారు వాసన, గంధకం ఘాటు. అరగంట గడిచి పొగ తగ్గి, నిప్పుల మీద నీలి మంట ఆడటం మొదలయ్యాక, గుడ్డతో బకెట్ పిడి పట్టుకుని లోపలికి తెచ్చేది. "పొగ చచ్చింది, ఇక తెచ్చుకోవచ్చు" అనేది. చేమంతిపూలు గారి అమ్మగారి మాట అచ్చం అదే.

ఆ నీలి మంట ఏమిటో కాలేజీలో చదువుకునేటప్పుడు తెలిసింది. బొగ్గు వేడెక్కగానే ముందు దానిలోని తారు, నూనె ఆవిరులు వెళ్లిపోతాయి, అదే మనకు కనిపించే పొగ. మిగిలిన కర్బనం కాలేటప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్, అది పైకి వచ్చి గాలి తగిలి మండితే నీలి మంట. అంటే మా అమ్మ పొయ్యిని లోపలికి తెచ్చే వేళకు ఆ విషవాయువు పుట్టడం ఊపందుకునేది. నిప్పుల మీద బూడిద కప్పితే ఆ నీలి మంట కూడా ఉండదు, వాయువు మండకుండానే గదిలోకి వస్తుంది.

ఒక సంక్రాంతి చలికి అమ్మ ఆ బకెట్‌ను మేము పడుకునే గదిలో మూలన పెట్టింది. రెండో షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి నాన్న వచ్చి తలుపు కొడితే ఎవరమూ లేవలేదు. ఆయన గనిలో పనిచేసే మనిషి, గాలి పాడైతే ఏమవుతుందో తెలుసు. తలుపు గడియ విరగ్గొట్టి మమ్మల్ని ఒక్కొక్కరినీ ఈడ్చి వాకిట్లో పడేశారు. నాకు ఏడేళ్లు. వాకిట్లో మంచు పడిన ఇసుక చెంపకు చల్లగా తగలడం, నాన్న గట్టిగా నా పేరు పిలవడం, అంతవరకే గుర్తు. అందరం బతికాం. మా అమ్మ ఆ తరువాత ఏ చలికాలమూ పొయ్యిని గడప దాటించలేదు. వర్షం పడితే గొడుగు పట్టుకుని వాకిట్లోనే వండేది.

పాతపుస్తకం
జనవరి 9, మధ్యాహ్నం 1.30

బొగ్గుబావి గారూ, మీ నాన్నగారి చేతులకు దండం. మీరు రాసిన రెండు దశలే, ముందు పొగ, తరువాత కనిపించని వాయువు, బొగ్గుతో ఇల్లు వెచ్చబెట్టుకునే ప్రతి దేశంలోనూ మనుషులను తీసుకుపోయాయి. నేను గాలి కాలుష్యం మీద పనిచేసే వ్యక్తిని, తెలిసినంత రాస్తాను.

చైనాలో యునాన్ రాష్ట్రం ఈశాన్య మూలన షువాన్‌వే అనే ప్రాంతం ఉంది. కొండల చలి, చుట్టూ బొగ్గు గనులు. తరతరాలుగా ఇంటి నడుమ నేలలో గుంట తవ్వి, పొగగొట్టం లేకుండా, పొగ ఎక్కువ వచ్చే బొగ్గు కాల్చేవారు. వంటకూ అదే, చలికీ అదే. అక్కడి ఆడవాళ్లు దాదాపు ఎవరూ పొగాకు తాగరు. అయినా వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు చైనా అంతటిలోకీ అత్యధికంగా ఉన్న చోట్లలో అది ఒకటి. 1970ల నుంచి అక్కడ పొగగొట్టం ఉన్న పొయ్యిలు పెట్టుకోవడం మొదలైంది. రైతు కుటుంబాలకు చెందిన 21 వేల మందికి పైగా మనుషులను 1976 నుంచి 1992 వరకు లెక్కలోకి తీసుకుని చూస్తే, పొగగొట్టం పెట్టుకున్న వారిలో ఆ క్యాన్సర్ ముప్పు 40 శాతానికి దగ్గరగా, ఆడవాళ్లలో అంతకు మించి తగ్గింది. బొగ్గు అదే, వంట అదే. గొట్టం ఒక్కటే కొత్తది. అయితే ఆ మేలు స్పష్టంగా కనిపించడానికి పదేళ్లు పట్టింది. ఊపిరితిత్తులు పాత పొగను అంత తొందరగా మరిచిపోవు.

పక్కనే ఉన్న గుయిజో రాష్ట్రంలో ఇంకో రకం కష్టం. కోతల వేళ వానలు, ఆరుబయట ఎండబెట్టే వీలు లేదు. మొక్కజొన్న కంకులూ మిరపకాయలూ ఇంట్లో బొగ్గు నిప్పు పైన అటక మీద ఆరబెట్టేవారు. బొగ్గులోనూ, దాన్ని ముద్దలు చేయడానికి కలిపే బంకమట్టిలోనూ ఉన్న ఫ్లోరైడ్ పొగలో కలిసి ఆ గింజలకు పట్టేది. పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయిన మనుషులు అక్కడ లక్షల్లో ఉన్నారు. కొన్ని ఊళ్లలో బొగ్గులోని ఆర్సెనిక్ మిరపకాయలకు పట్టి చర్మ వ్యాధులు వచ్చాయి. నల్లగొండ నీళ్లతో వచ్చిన ఫ్లోరోసిస్ మనకు తెలుసు. అదే జబ్బు పొయ్యి మీది అటక నుంచి కూడా దిగివస్తుందని నాకు ఈ రంగంలోకి వచ్చాకే తెలిసింది. మన ఇళ్లలోనూ పురుగు పట్టకుండా పొయ్యి పైన అటక మీద విత్తనాలు, చింతపండు దాచేవారు కదా.

"పొగ ఉంటే కదా దోషం" అన్న చేమంతిపూలు గారి అమ్మగారి మాటకు సూటిగా సంబంధించిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో చలికాలం మైనస్ 30 డిగ్రీలకు పడిపోతుంది. ఊరి చుట్టూ గుడారపు ఇళ్లలో ఇనుప పొయ్యిల్లో పచ్చి బొగ్గు కాల్చేవారు. 2019 మేలో ఊళ్లో పచ్చి బొగ్గును నిషేధించి, శుద్ధి చేసిన బొగ్గు ముద్దలు ఇచ్చారు. పొగ తగ్గింది. కానీ ఆ చలికాలం మొదట్లోనే కార్బన్ మోనాక్సైడ్ సోకిన కుటుంబాలు ఆసుపత్రులకు వచ్చాయి, మరణాలూ జరిగాయి. పొగ తక్కువ కదా అని మనిషి మనసు కుదుటపడుతుంది, అక్కడే దెబ్బ తగులుతుంది.

ఇంట్లో బొగ్గు కాల్చడం వల్ల వచ్చే పొగను క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2006లోనే మొదటి వర్గంలో చేర్చింది. శుద్ధి చేయని బొగ్గును ఇళ్లలో వాడనే వద్దని 2014లో ఆ సంస్థ తన మార్గదర్శకాల్లో రాసింది.

గాలిమర
జనవరి 9, సాయంత్రం 6.15

నా దగ్గర సూక్ష్మ ధూళిని కొలిచే చిన్న మీటరు ఉంది. ఎలక్ట్రానిక్ సిటీలో మా ఇంట్లో రెండేళ్లుగా గమనిస్తున్నాను. మాది గ్యాసు పొయ్యే అయినా, అత్తగారికి కుంపటిలో సాంబ్రాణి వేసే అలవాటు, పక్కింటివారికి నీళ్ల బాయిలర్ ఉంది. నేను గమనించినది ఒక్కటి చెబుతాను: నిప్పు నిలకడగా ఉన్నప్పుడు కాదు, మనిషి దాన్ని ముట్టుకున్నప్పుడల్లా అంకె ఎగురుతుంది.

రాజేసేటప్పుడు ఒకసారి. పైన కొత్త బొగ్గు వేసినప్పుడు మళ్లీ. ఊదు గొట్టంతో ఊదితే నిప్పుతో పాటు బూడిద కూడా లేస్తుంది. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది చల్లారిన బూడిద. మర్నాడు ఉదయం కుంపటిని బకెట్‌లోకి బోర్లించి, చుట్టూ చీపురుతో ఊడిస్తే, నిప్పే లేని గదిలో మీటరు రాజేసినప్పటంత పైకి వెళ్లింది. ఊడిస్తే నేల శుభ్రమవుతుంది కానీ ఆ మెత్తటి దుమ్ము గంటసేపు గాలిలోనే తేలుతుంది. ఇప్పుడు బూడిద మీద ముందు నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తీస్తున్నాం. ఈ పనులన్నీ ఇంట్లో ఎవరు చేస్తారో చూడండి. ఇంటికంతా ఒకే పొగ అనుకుంటాం కానీ, దానికి ముఖం ఒగ్గేది ఒక్కరే.

మీటర్లు కొనాలనుకునేవారికి రెండు మాటలు. ఈ చిన్న మీటర్లు వెలుగు చెదరడాన్ని బట్టి లెక్క కడతాయి, అన్నం ఆవిరి తగిలినా దుమ్మనుకుంటాయి. గట్టిగా ఉడికే గిన్నె పక్కన పెట్టి కంగారు పడకండి. పీఎం 2.5 అనే ఈ సూక్ష్మ ధూళి రోజు సగటు మన దేశ ప్రమాణంలో ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నంత సూక్ష్మ ధూళి వస్తుందని 2003లో ఒక పరిశోధన తేల్చింది. పసిపిల్లల గదిలో దోమతెర కట్టుకోవడం మేలు.

ఈ మీటర్లకు కార్బన్ మోనాక్సైడ్ తెలియదు. గాలి శుద్ధి యంత్రం దాన్ని వడకట్టలేదు, ముఖానికి కట్టుకునే మాస్కు ఆపలేదు. దానికి వేరే అలారం దొరుకుతుంది. పొగ అలారం, ఈ అలారం ఒకటి కాదు, కొనేటప్పుడు చూసుకోండి.

రాత్రిడ్యూటీ
జనవరి 9, సాయంత్రం 6.40

గాలిమర గారి మాటకు ఒకటి కలుపుతాను. బెంగళూరులో కుంపటి లేని ఇళ్ల నుంచి కూడా ఇదే కారణంతో వస్తారు. స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టి, చలికి వెంటిలేటరు మూసి స్నానం చేస్తారు. గీజరు గది బయట ఉండాలి, లేదా దాని పొగ బయటికి పోయే గొట్టం ఉండాలి. దయచేసి ఈ రాత్రే మీ ఇంట్లో చూసుకోండి.

పునాదిరాయి
జనవరి 9, రాత్రి 9.50

నేను సర్జాపుర రోడ్డు వైపు ఒక నిర్మాణ స్థలంలో పర్యవేక్షకుణ్ణి. మీరంతా ఇళ్ల గురించి రాస్తున్నారు. మా దగ్గర పనిచేసేవాళ్లలో చాలామంది కళ్యాణదుర్గం, రాయచూరు, పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. నాలుగు రేకులు నిలబెట్టి, పైన ఒక రేకు వేసి, సందులకు నీలం పట్టా కట్టుకున్న గుడిసెలు. జనవరి రాత్రి రేకు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. సిమెంటు మోసే తట్టలో చెక్క ముక్కలు కాల్చి, మంట తగ్గాక నిప్పులున్న తట్టను లోపలికి లాక్కుని, పట్టా దించి పడుకుంటారు. పసిపిల్లలతో సహా.

ఈ చర్చ చదివి ఈ రోజు సాయంత్రం గుడిసె గుడిసెకూ తిరిగాను. "పొగ పోయింది కదా అన్నా" అని ప్రతి చోటా అదే మాట విన్నాను. బొగ్గుబావి గారి నాన్నగారి సంగతి చెప్పాను, ఆ కథకు కదిలారు. తట్టలు బయటే ఉంచి, చుట్టూ కూర్చుని కాచుకుని, తరువాత లోపలికి వెళ్లి పడుకోమన్నాను. కానీ నిప్పు తీసేయమన్నవాడు చలికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. వాళ్లకు కప్పుకోవడానికి పాత చీరల బొంతలు తప్ప ఏమీ లేవు. కంపెనీని కంబళ్లు అడిగాను, చూస్తామన్నారు. ఇక్కడ ఎవరి దగ్గరైనా మంచి కంబళ్లు, ఉన్ని దుప్పట్లు ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను. నలభై రెండు కుటుంబాలు.

ఉలవచారు
జనవరి 9, రాత్రి 10.10

నాయనా, నా దగ్గర ఆరు కంబళ్లున్నాయి. మా అపార్ట్‌మెంటులో రేపు ఉదయం ఇంటింటికీ అడుగుతాను. ఆదివారం రండి.

బొగ్గుబావి
జనవరి 9, రాత్రి 10.25

వైట్‌ఫీల్డ్ నుంచి నేను తెస్తాను. తట్టల దగ్గర నిలబడి వాళ్లతో మాట్లాడమన్నా మాట్లాడతాను.

చేమంతిపూలు
జనవరి 11, ఉదయం 11.00

ఇంటికి వచ్చేశాం. మా వారు కరెంటుతో నడిచే నూనె హీటరు తెచ్చారు, గదిలో ఏదీ కాలకుండా వెచ్చబెడుతుంది. కిటికీ బెత్తెడు తెరిచే ఉంచుతున్నాం. బాబుకు ఉన్ని టోపీ, మేజోళ్లు. చలి వేళ వాడిని నా గుండెకు ఆనించి పడుకోబెట్టుకుని పైన కంబళి కప్పుకోమని పిల్లల డాక్టరు చెప్పారు. తల మెత్తటి తువ్వాలుతో తుడిస్తే చాలన్నారు, సాంబ్రాణి వద్దన్నారు.

అమ్మ ఈ ఉదయం నోరు విప్పింది. ఇక్కడ మీరు రాసినవన్నీ నాతో చదివించుకుని విన్నది. ఉలవచారు గారి పెంకుటింటి మాట దగ్గర రెండుసార్లు చదవమంది. తరువాత, "ఊళ్లో మన వంటిల్లు కూడా పోయిన ఏడు స్లాబు వేశాం కదే. పొయ్యి పాతదే" అంది. మాకు అక్కడ గ్యాసు ఉంది, కానీ నీళ్లు కాచడానికీ, పండగలకు పెద్ద వంటకూ కట్టెల పొయ్యే. పెంకులు తీసి స్లాబు వేసినప్పుడు పొగ ఎటు పోతుందని ఎవరమూ ఆలోచించలేదు. పొగగొట్టం ఉన్న పొయ్యి కట్టించాలంటే ఎలా అని అమ్మ అడగమంది.

మూడుగిన్నెలు
జనవరి 11, మధ్యాహ్నం 3.20

అమ్మా, ఈ ప్రశ్నకు బెంగళూరులోనే పాత జవాబు ఉంది. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఆచార్య అమూల్య కె.ఎన్. రెడ్డి గారు పల్లెల అవసరాల కోసం అస్త్ర అనే విభాగం మొదలుపెట్టారు. వాళ్లు తుమకూరు జిల్లా ఉంగ్ర అనే ఊళ్లో ఉండి, ఆడవాళ్లు వండుతుంటే చూసి, అస్త్ర ఒలె అనే పొయ్యిని తయారు చేశారు. ఒలె అంటే కన్నడంలో పొయ్యి. నేను యువకుడిగా ఉన్నప్పుడు ఆ పొయ్యిలు కట్టే పని నేర్చుకున్నాను, చాలా ఊళ్లలో కట్టాను.

మట్టి, ఇటుకలతో కట్టే మూడు గిన్నెల పొయ్యి అది. కట్టెలు ఇనుప జల్లెడ మీద కాలతాయి, గాలి జల్లెడ కింద నుంచి వస్తుంది. పొయ్యి నోటికి మూత ఉంటుంది. వేడి మొదటి గిన్నెకు తగిలి, మట్టి దారిలో రెండో గిన్నె, మూడో గిన్నె కిందుగా వెళ్లి, అప్పుడు పొగగొట్టంలో ఎక్కుతుంది. గిన్నెలు గుంటల్లో బిగుతుగా కూర్చోవాలి. సందు ఉంటే పొగ అక్కడి నుంచే ఇంట్లోకి వస్తుంది, అందుకే మీరు వాడే గిన్నెలు తెచ్చి, వాటి కొలతకే గుంటలు కట్టించుకోండి. మేస్త్రి తన కొలతకు కడితే మీరు ఆరు నెలల్లో ఆ పొయ్యి మానేస్తారు. నేను కట్టినవాటిలో కొన్ని అలాగే మూలపడ్డాయి, ఆ తప్పు నాది.

గొట్టం స్లాబు దాటి కనీసం మూడడుగులు పైకి వెళ్లాలి. పక్కింటి కిటికీకి ఎదురుగా మాత్రం పెట్టకండి, మీ పొగ వాళ్ల ఇంట్లో దూరుతుంది. గొట్టం ఉన్నా గవాక్షం మూయకండి.

చేమంతిపూలు
జనవరి 11, సాయంత్రం 5.05

అమ్మ పక్కనే కూర్చుని గిన్నెల కొలతలు కాగితం మీద రాయిస్తోంది. ఇంకొకటి అడగమంటోంది: గొట్టంలో మసి పడుతుంది కదా, ఎన్నాళ్లకోసారి తీయాలి? తీయకపోతే ఏమవుతుంది?

మూడుగిన్నెలు
జనవరి 11, సాయంత్రం 5.30

రోజూ వండితే నెలకోసారి. పొడవాటి వెదురు కర్ర కొనకు గోనెపట్టా చుట్టి పైనుంచి దించి లాగితే వచ్చేస్తుంది. ముందు పొయ్యి చల్లారనివ్వండి, కింద తడి గోనె పరచండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మధ్యలో ఎప్పుడైనా పొయ్యి నోటి నుంచి పొగ వెనక్కి తన్నిందంటే గొట్టం మూసుకుపోతున్నట్టే, ఆ రోజు వంట గ్యాసు మీద చేసి ముందు గొట్టం చూడండి. కట్టెలు నిప్పులయ్యాక వెనక్కి తన్నే పొగ కూడా కనిపించదు కనుక, నెల లెక్క మాత్రం తప్పనివ్వకండి. గోడ మీద క్యాలెండరులో అమావాస్యకు గుర్తు పెట్టుకోమని అమ్మగారికి చెప్పండి, నేను కట్టిన ఇళ్లలో అలా పెట్టుకున్నవాళ్లెవరూ మరిచిపోలేదు.